బస్సులో వచ్చిన పల్లవి

బస్సులో వచ్చిందని ఎందుకన్నానో, అనాలనుకుంటే ఇంట్లో వచ్చిందనొచ్చు, షాపులో ఎవరి కళ్ళజోడుకో స్క్రూ బిగిస్తుంటే వచ్చిందనొచ్చు, అసలు నాకు రాలేదనొచ్చు, అది నాది కాదమ్మా, ఎనిమిదేళ్ళ పాప అన్న మాట, ఉన్నదున్నట్టు పెట్టానంతే అంటే నా సొమ్మేం పోయేది, ఆ రేడియో అమ్మాయి ఎంత మర్యాదగా అడిగింది, ఈ పల్లవి మీకెలా తట్టింది సార్ అని, ఆ సార్ అన్న మాటకే కరిగిపోయి ఉంటాను, పాతికేళ్ళుగా పాటలు రాస్తున్నా పాటల కోసం ఎవరూ నన్ను సార్ అనలేదు, షాపులో మాత్రం అంటారు, సార్ ఇది ముక్కు మీద నిలబడటం లేదని, మైకు ముందు కూర్చోబెట్టి ఎర్రలైటు వెలిగించి సార్ అనేసరికి నోరు దానంతట అదే తెరుచుకుంది, బస్సులో నిలబడి వస్తున్నానమ్మా, కిటికీలోంచి ఒక ఇంటి తలుపు కనబడింది, అంతే, తలుపు చప్పుడైతే చాలు అమ్మ నవ్వు ఆగిపోతుంది, లైను మొత్తం అలా వచ్చేసింది అన్నాను, ఆ తలుపు రంగు కూడా చెప్పాను, పచ్చరంగట, ఎక్కడి పచ్చరంగు, ఎవరడిగారు రంగు, ఇప్పుడీ వరండాలో బల్ల మీద కూర్చుని తలుచుకుంటుంటే చెవుల దగ్గర్నుంచి మెడదాకా కాలిపోతోంది, ఎదురుగా ఉన్న గది మీద సంక్షేమాధికారి అని బోర్డుంది, లోపల ఆ పాప ఉంది, పంతొమ్మిది రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు.

పిలిచేదాకా ఇక్కడే కూర్చోమన్నారు, బల్లకి ఆ చివర పాప నాన్న, ఈ చివర నేను, గోడ పక్కన మంచినీళ్ళ డబ్బా దగ్గర వేరే కుర్చీలో పాప అమ్మ, పాప ఎవరి దగ్గర పెరగాలో ఇవాళ తేలుస్తారట, అమ్మ ఇల్లు వదిలి వచ్చేసింది, లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేస్తుంది, ఒక గది చూసుకుంది, నాన్నకి సొంత ఇల్లుంది, లిఫ్టులు బాగుచేసే ఉద్యోగముంది, నలగని చొక్కా ఉంది, ఇన్నేళ్ళూ ఆ చొక్కాలకి ఇస్త్రీ చేసింది ఎవరో, ఛీ, అదిగో, మళ్ళీ, చక్కటి లైను దొరికిందని నా లోపల ఎవడో సంబరపడుతున్నాడు, ముందు వాడి నోరు మూయించాలి, ఇక్కడ ఒక పిల్ల బతుకు తేలబోతుంటే వీడికి లైన్లు కావాలి, అమ్మ చెప్పేది ఒకటి, నాన్న చెప్పేది ఒకటి, నేనెప్పుడూ చెయ్యెత్తలేదు, ఆవిడకే కోపమెక్కువ అంటాడట ఆయన, ఇరుగుపొరుగు మాకేం వినబడలేదంటారట, ఇంకెవరున్నారు ఆ ఇంట్లో, పాప ఒక్కతే ఉంది, ఇంటి సంగతి మీద పాప నోరు విప్పదు, ఒకే ఒక్కసారి విప్పింది, నా ముందు విప్పింది, అది పాటైంది, పాట నాదైంది, ఇప్పుడు నాన్న తరఫు లాయరు రేడియోవాళ్ళ దగ్గర్నుంచి ఆ రికార్డింగు తెప్పించి అధికారికి వినిపించాడట, చూశారా మేడమ్, ఆ మాట పిల్ల అన్నది కాదు, కవిగారికి బస్సులో తట్టింది, ఊరంతా పాట విని మా వాడిని రాక్షసుణ్ణి చేసిందని, కవిగారు అన్నాడట నన్ను, ఆ మాట ఇంకెక్కడైనా వినుంటే ఉబ్బితబ్బిబ్బయ్యేవాణ్ణి.

మేం మంచిపని చేద్దామనే మొదలుపెట్టాం, అది మాత్రం నిజం, నలుగురం, స్కూల్లో సంగీతం చెప్పే మాస్టారిది కీబోర్డు, కరెంటు పనులు చేసే మా దోస్తుది డ్రమ్ములు, పోస్టాఫీసులో పనిచేసే మా మరదలిది గొంతు, మాటలు నావి, ఇంట్లో గొడవలైనా, జబ్బులు పడ్డా, ఇల్లు కాలిపోయినా, పెద్దవాళ్ళు మళ్ళీ కాళ్ళ మీద నిలబడేదాకా పిల్లల్ని ఉంచుకుని చూసుకునే పిల్లల ఇల్లు ఒకటుంది, నెలకొక కుటుంబంతో కూర్చుని, వాళ్ళ కోసం పాటొకటి కట్టి, హాల్లో పాడి, వచ్చిందేదో ఆ ఇంటికిచ్చేస్తాం, మాస్టారు మొదటిరోజే రెండు నియమాలు పెట్టారు, పల్లవి పిల్లల నోట్లోంచి వచ్చిన మాటే అయి ఉండాలి, కవిత్వం మనకొద్దు, వాళ్ళ మాటే, అక్షరం మార్చకుండా, రెండోది, వాళ్ళతో కూర్చున్నప్పుడు కాగితం, పెన్ను, ఫోను ఏదీ బయటికి తియ్యకూడదు, పోలీసులు రాసుకుంటూనే అడిగారు, డాక్టర్లు రాసుకుంటూనే అడిగారు, మనమన్నా ఒట్టిచేతులతో కూర్చుందాం అన్నారు, ఎంత పెద్దమనసు, నేనే ముందు చప్పట్లు కొట్టాను, ఆ తర్వాత తెలిసింది కష్టం, రాసుకోకపోతే నా బుర్రలో ఏదీ నిలవదు, మా ఆవిడ మూడు సరుకులు చెబితే రెండు తెస్తాను, అందుకని పిల్లల దగ్గర మంచి మాట దొరగ్గానే లోపల్లోపలే జపం మొదలుపెట్టేవాణ్ణి, బయటికొచ్చి సందు చివర పాన్‌షాపు గోడకానుకుని కాగితం మీద పెట్టేదాకా అదే జపం, దొరకడం అంటున్నాను చూడు, రోడ్డు మీద పడి ఉన్న వస్తువేదో నేను చూసి తీసుకున్నట్టు.

ఆ రోజు భోజనాల గదిలో, పెద్దవాళ్ళతో మాస్టారు ఒక బల్ల దగ్గర, పిల్లతో నేను కిటికీ పక్క బల్ల దగ్గర, అదీ మా పద్ధతే, పెద్దవాళ్ళ ఎదుట పిల్లలు బిగుసుకుపోతారని, ఆ ఇంటిని చూసుకునే ఆవిడని పిల్లలందరూ పెద్దమ్మ అంటారు, పెద్దమ్మ ఈ పిల్లకి ఉడత అని పేరు పెట్టింది, తినమని ఇచ్చిన రొట్టెలో సగం తిని సగం జేబులో దాచుకుంటుందని, రెండు జేబులూ ఎప్పుడూ ఉబ్బెత్తుగా ఉండేవి, కూర్చోగానే నన్ను ఎగాదిగా చూసి, నీ కళ్ళజోడు తీసేస్తే నేనెలా కనిపిస్తాను అంది, తీసి చూసి, ఆవిరి పట్టిన అద్దంలో కనిపించినట్టు కనిపిస్తున్నావన్నాను, ముక్కుందా అంది, లేదన్నాను, నోరో అంది, అది మాత్రం పెద్దదుందన్నాను, పకపకా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగి, నోటికి చెయ్యడ్డం పెట్టుకుని తలుపు వైపు చూసింది, ఎవరొస్తారనమ్మా అన్నాను, అప్పుడంది ఆ మాట, మామూలుగా అంది, ఇవాళ స్కూల్లేదు అన్నట్టు అంది, నాకు ఒళ్ళు జలదరించింది, జాలితో అనుకున్నాను అప్పుడు, మా ఆవిడకీ అలాగే చెప్పాను, పిల్ల మాట వింటే ఒళ్ళు జలదరించిందే అని, కాదు, జాలి కాదది, దొరికింది అనుకున్నాను, పాతికేళ్ళకి దొరికింది, మాట నడక ఎంత బాగుందో, ఎక్కడా తడబాటు లేదు, చెయ్యి పెట్టక్కర్లేదు, పల్లవి అంటే ఇదీ, తలుపు చప్పుడైతే చాలు, తలుపు చప్పుడైతే చాలు, మరిచిపోకూడదు, ఒక్క అక్షరం జారిపోకూడదు, పిల్ల ఇంకా ఏదో చెబుతూనే ఉంది, రొట్టె చిన్నచిన్న ముక్కలు చేసి బల్ల మీద వరసగా పేరుస్తూ, నేను తలాడిస్తూనే ఉన్నాను, గంట అయిపోయిందని మాస్టారు లేవగానే చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండా బయటపడ్డాను, సందు చివర పాన్‌షాపు మూసి ఉంది, పెన్ను కోసం తడుముకుంటుంటే బస్సొచ్చింది, ఎక్కేసి కడ్డీ పట్టుకుని దారి పొడుగునా జపమే, కాబట్టి బస్సు అబద్ధం కాదు, బస్సు ఉంది, ఇలా సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

హాల్లో పాడిన రోజు మరదలు పల్లవి ఎత్తుకోగానే కుర్చీలు కిర్రుమనడం కూడా ఆగిపోయింది, ముందు వరసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది, అయిపోయాక అందరూ నా దగ్గరికే వచ్చారు, పాడిన మనిషిని వదిలేసి, కీబోర్డు సర్దుకుంటున్న మాస్టార్ని వదిలేసి, ఆ లైను ఎవరు రాశారండీ అంటూ, నేను రాశానని అనలేదు, కాదనీ అనలేదు, నేల చూపులు చూస్తూ ముసిముసిగా నవ్వాను, ఆ నవ్వుకి శిక్ష వెయ్యాలి ముందు, నేను సొంతంగా అచ్చేయించుకున్న పాటల పుస్తకం కట్టలు కట్టలుగా అలమర మీద బూజుపట్టి ఉంది, అందులోంచి ఒక్క లైనుకి ఒక్క మనిషి అలా నా దగ్గరికి నడిచి రాలేదు, తర్వాత రేడియో, రేడియో విని షాపు ఓనరు నా ఫొటో కౌంటరు మీద పెట్టించాడు, మా ఆవిడ మాత్రం బట్టలు మడతపెడుతూ విని, నీకు బస్సులో సీటు దొరక్కపోతే తిట్లు తప్ప ఇంకేం రావు కదా అంది, నవ్వేశాను, ఆమె నవ్వలేదు, మాస్టారు రెండురోజులు ఆగి, మిగతా ఇద్దరూ వెళ్ళిపోయాక, వైర్లు చుట్టుకుంటూ, అది నీదా, పాపదా అని అడిగారు, ఎంత నెమ్మదిగా అడిగారో, నాదన్నా పాపదన్నా అయిపోయేది, పాప ఏదో అంది మాస్టారూ, నేను మలిచానంతే అన్నాను, మలిచాను, శిల్పిని మరి, ఆయన వైరు చుట్టడం ఆపి నా ముఖంలోకి చూసి మళ్ళీ చుట్టుకున్నారు.

మొన్న పెద్దమ్మ షాపుకొచ్చింది, దగ్గరివి మసకగా ఉన్నాయి, చూడమంది, కుర్చీలో కూర్చోబెట్టి, పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టి, అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా అంటున్నాను, పుస్తకంలో రెండు వరసలు చదివి ఆపేసి, ఆ గుండ్రటి ఇనప ఫ్రేములోంచే నన్ను చూస్తూ, ఉడత మాట్లాడటం మానేసిందండీ అంది, జ్వరమా అన్నాను, నా బుద్ధి చూడు, జ్వరమా అట, అప్పుడు చెప్పింది మొత్తం, పాట హాల్లో పాడినప్పట్నుంచీ పిల్ల అందరికీ చెప్పుకుంటోందట, అందులో మాట నాదే, నేనే అన్నాను అని, వంటామెకి చెప్పిందట, పాలవాడికి చెప్పిందట, తోటి పిల్లలు నిజమా అంటే, రేడియోలో మామయ్య చెబుతాడు చూడండి అందట, మామయ్య అంటే నేను, ఆ రోజు పిల్లలందరూ రేడియో చుట్టూ చేరి ఉడతని మధ్యలో కూర్చోబెట్టారట, నేను పచ్చరంగు తలుపు దగ్గరికి వచ్చేసరికి ఎవరో అబద్ధాలకోరు అన్నారట, ఇంకొకరు అందుకున్నారట, ఉడత ఏడవలేదట, లేచి రెండు జేబుల్లోంచీ రొట్టెముక్కలు తీసి రేడియో పక్కన పెట్టేసి వెళ్ళి పడుకుందట, అప్పట్నుంచీ దేనికీ జవాబు లేదు, అమ్మ వస్తే పక్కన కూర్చుంటుంది, మాటలేదు, డాక్టరు చూశాడు, గొంతు బాగానే ఉందన్నాడు, మిమ్మల్ని తిట్టడానికి రాలేదు, శుక్రవారం అధికారి ముందుకు తీసుకెళుతున్నాను, ఆ మాట ఎవరిదో మీరొచ్చి చెబితే చాలు అంది, ఫ్రేము తీసి నా చేతిలో పెట్టి కళ్ళు తుడుచుకుంది, కౌంటరు మీద నా ఫొటో పళ్ళు బయటపెట్టి నవ్వుతూనే ఉంది, ఓనరు వినలేదు కదా అని చూశాను, అదీ ఆ క్షణంలో నేను చూసింది.

పాప నాన్న బల్ల మీద జరుగుతున్నాడు, నా వైపే జరుగుతున్నాడు, పాట రాసింది మీరే కదండీ అన్నాడు, గొంతు ఎంత మెత్తగా ఉందో, మంచి పాటండీ, మా ఆఫీసులో కూడా విన్నారు, నా గురించేనని గుసగుసలాడుకున్నారు, అయినా నేనేం అనుకోలేదు, కళాకారులన్నాక ఊహ ఉంటుంది కదా, మీ ఊహ మీది, దాన్ని పట్టుకుని ఎవరో మా కాపురాన్ని వీధికీడిస్తే మీరేం చేస్తారు అన్నాడు, రేడియోలో మీరు నిజం చెప్పారు, అది చాలు నాకు, చాలా థ్యాంక్సండీ అని చెయ్యి చాచాడు, నేను ఆ చెయ్యి అందుకున్నాను, ఎందుకందుకున్నాను, మర్యాద, చాచిన చేతిని వదిలెయ్యలేని వెధవ మర్యాద, చెయ్యి పొడిగా వెచ్చగా ఉంది, మామూలు చెయ్యి, మంచినీళ్ళ డబ్బా దగ్గర్నుంచి పాప అమ్మ మా రెండు చేతులూ కలవడం చూసింది, చూసి తల తిప్పేసుకుంది, ఆమె ఇవాళ్టిదాకా నన్నొక్క మాట అనలేదు, పాట విన్న రోజు మరదలితో అందట, నేను నవ్వు ఆపడం పిల్ల గమనిస్తోందని నాకు తెలీదమ్మా అని, ఇప్పుడు లేచి చల్లగా జారుకుంటే ఎవరాపుతారు, షాపులో పనుందనొచ్చు, ఓనరు ఊరుకోడనొచ్చు, లోపలికెళ్ళి అబద్ధం చెప్పానంటే రేపు పేపర్లో వేస్తారేమో, పిల్ల మాట దొంగిలించిన కవి అని, ఫొటో తీసేస్తారు, పోతే పోనీ, మాస్టారు ముఖమెలా చూడాలి, మరదలు ఇంకెప్పుడైనా నా మాటలు పాడుతుందా, నా పరువు, నా పాట, నా ముఖం, అన్నీ నావే, ఒక పిల్ల ఎక్కడ పడుకుంటుందో ఇవాళ రాసేస్తుంటే నాకు నా ఫొటో గురించి బెంగ, పొద్దున బయల్దేరుతుంటే మా ఆవిడ అంది, వెళ్ళి ఉన్నది చెప్పేసి రా, అక్కడ కూడా కవిత్వం చెప్పకు అని, ప్యూను తలుపు తీసి నన్ను రమ్మంటున్నాడు.

గది చిన్నది, ఫ్యాను ఒక రెక్క వంకరగా తిరుగుతోంది, బల్ల వెనక అధికారి, నాకంటే చిన్నదే, కళ్ళజోడు ఎడమవైపుకి జారుతోంది, ముక్కు దగ్గరి ప్యాడు వంగింది, నాకిస్తే నిమిషంలో సరిచేస్తాను, కిటికీ దగ్గర పెద్దమ్మ, ఆమెని ఆనుకుని ఉడత, జేబులు చదునుగా ఉన్నాయి, నా వైపు చూడలేదు, ఒకసారి చూసిందేమో, నేను చూసేసరికి లేదు, కూర్చోండి అంది అధికారి, పాటలో ఉన్న ఆ మాట ఎవరిదండీ అంది, పాపదండీ అన్నాను, ఇంత సులువా, మూడు రోజులు దీనికోసమా నిద్ర లేకుండా దొర్లింది, రేడియోలో మీదన్నారు కదా అంది, అబద్ధం చెప్పానండీ అన్నాను, ఎందుకు అంది, ఏం చెప్పను, నాలుగైదు రకాలుగా తయారుచేసుకుని వచ్చాను, ఒక్కటీ నోట్లోకి రాలేదు, అందరూ బాగుందంటుంటే నాదైతే బాగుండుననిపించిందండీ అన్నాను, ఆమె రాసుకోలేదు, పెన్ను అలాగే పట్టుకుని, ఆ రోజు రికార్డింగుందా, కాగితమేమన్నా ఉందా అంది, లేదండీ, రాసుకోకూడదని మా నియమం అన్నాను, పక్కన ఇంకెవరన్నా విన్నారా, లేదండీ, అది కూడా మా పద్ధతే, అప్పుడామె కళ్ళజోడు సర్దుకుని, కోపం లేకుండానే, అంటే అప్పుడు అబద్ధం చెప్పానని ఇప్పుడు చెబుతున్న మనిషి మాట తప్ప నా చేతిలో ఏమీ లేదన్నమాట అంది, ఏది నమ్మమంటారు మీరే చెప్పండి అంది, తల తీసేసినట్టయింది, నిజమే, నా మాటని నేనే పనికిరాకుండా చేసుకుని ఆ చిల్లు సంచీ పట్టుకుని వచ్చాను ఈ పిల్లకి సాయం చేద్దామని, సరే, ఆ రోజు పాప ఏమందో అక్షరం మారకుండా చెప్పండి, మీ మాటగానే రాసుకుంటాను అంది, చెప్పాను, పాటలా రాకుండా చూసుకుంటూ మామూలుగా చెప్పాను, తలుపు చప్పుడైతే చాలు అమ్మ నవ్వు ఆగిపోతుంది, అందండీ, అంతే అందండీ.

అంతే కాదు, అని వినబడింది, ఎవరన్నారో ఒక క్షణం తెలియలేదు, పెద్దమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది, గొంతు బొంగురుగా ఉంది, ఇన్ని రోజులు వాడక, నేను అంతే అనలేదు, అలా అనలేదు, అంది ఉడత, అధికారితో కాదు, నాతో, నన్నే చూస్తూ, నాన్న తలుపు కొడితే అన్నాను, అధికారి పెన్ను కదలలేదు, మరేమన్నావమ్మా అని మాత్రం అంది, నాన్న తలుపు కొడితే అమ్మ నవ్వు ఆపేసి నన్ను మంచం కిందికెళ్ళిపొమ్మంటుంది, అక్కడికి కాళ్ళే కనిపిస్తాయి, నాన్న కాళ్ళు నిలబడి ఉంటాయి, అమ్మ కాళ్ళు పడుకుని ఉంటాయి, నేను నాన్న కాళ్ళు వెళ్ళిపోయేదాకా లెక్కపెట్టుకోవాలి, వంద అయితే మళ్ళీ ఒకటి నుంచి, తర్వాత అమ్మ కాళ్ళని పట్టుకుని ఊపితే అమ్మ లేస్తుంది, ఒకసారి లేవలేదు, రొట్టె పెట్టాను, తినలేదు, అని అంతా ఒక్క గుక్కలో చెప్పి, పెద్దమ్మ చీర అంచు పట్టుకుని, నువ్వెక్కడుంటావమ్మా అని అధికారి ఇంకా అడక్కముందే, నేను అమ్మ దగ్గరుంటాను అంది, అధికారి అప్పుడు రాయడం మొదలుపెట్టింది, చాలాసేపు రాసింది, తేదీ వేసింది, టైము వేసింది, నేను తప్పు చేసిన పిల్లాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాను, ఉడత మళ్ళీ నా వైపు తిరిగింది, కోపం లేదు ముఖంలో, ఏదో అర్థంకానట్టుంది, నీకు ఇదంతా చెప్పాను కదా మామయ్యా, అంది, నువ్వు ఊఁ అన్నావు, ఊఁ ఊఁ అన్నావు, మరి సగమే ఎందుకు చెప్పావు.

వెళ్ళొచ్చండి అని అధికారి ఎప్పుడందో, వరండాలోకి ఎప్పుడొచ్చానో, పాప అమ్మ నా పక్కనుంచి గబగబా లోపలికెళ్ళింది, ఆమె చెప్పొకటి గుమ్మం దగ్గర ఊడిపోయింది, వెనక్కి చూడలేదు, లోపల పిల్ల గొంతు వినబడుతోంది, అమ్మ గొంతూ వినబడుతోంది, నాన్న బల్ల మీద ఎక్కడివాడక్కడే కూర్చుని నన్ను చూస్తున్నాడు, ఈసారి చెయ్యి చాచలేదు, నేను గోడ పట్టుకుని నిలబడి ఆ భోజనాల గదిని గుర్తుచేసుకుంటున్నాను, గుర్తురావాలి, రావాలి కదా, ఎదురుగానే కూర్చున్నాను, బల్ల ఉంది, కిటికీ ఉంది, రొట్టెముక్కలు వరసగా ఉన్నాయి, ఆమె పెదాలు కదులుతున్నాయి, అది కూడా కనిపిస్తోంది, మంచం ఎక్కడుంది, కాళ్ళెక్కడున్నాయి, వంద లెక్కపెట్టడం ఎక్కడుంది, ఎంత వెతికినా లేవు, ఆ చోటంతా నా గొంతే ఉంది, తలుపు చప్పుడైతే చాలు, తలుపు చప్పుడైతే చాలు, మరిచిపోకూడదు, అక్షరం జారిపోకూడదు, నాన్న అన్న మాట ఎప్పుడు తీసేశానో కూడా నాకు తెలీదు, నడకకి అడ్డమొచ్చి ఉంటుంది, చాలు అన్నది నేనే చేర్చి ఉంటాను, ఆ మాట దొంగిలించానని ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను, తిరిగిచ్చేస్తే తీరిపోతుందనుకున్నాను, తిరిగివ్వడానికి నా దగ్గర ఆమెదంటూ ఏముంది గనక, పోలీసుల కంటే ముందు, డాక్టరు కంటే ముందు, వాళ్ళమ్మకి కూడా చెప్పకుండా, ఆ పిల్ల జరిగిందంతా మొట్టమొదట చెప్పింది నాకు, ఎదురుగా కూర్చుని, కళ్ళలోకి చూస్తూ చెప్పింది, నేను ఊఁ అన్నాను, వినలేదు.